పాత ఫైలే ఎక్కించమన్నాను

కంపెనీ నుంచి ఉత్తరం వచ్చినప్పుడు మొదట సంతోషించాను. పోస్టులో నాకు ఏదైనా వచ్చి చాలా కాలమైంది. మందపాటి కవరు, మంచి కాగితం, మర్యాదగల ఇంగ్లీషు. మీ కారు ఇంజన్‌ను నడిపే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌లో ఒక లోపం కనిపెట్టాము, కొన్ని అరుదైన పరిస్థితుల్లో బండి నడుస్తుండగానే ఇంజన్ ఆగిపోయే అవకాశం ఉంది, దగ్గర్లోని షోరూంకు తెస్తే గంటలో కొత్త సాఫ్ట్‌వేర్ ఉచితంగా ఎక్కిస్తాము, కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము అని దాని సారాంశం. రోడ్డు మీద పోతుండగా ఇంజన్ చచ్చిపోవడాన్ని అసౌకర్యం అన్నారు. తక్కువ చేసి చెప్పేవాళ్లంటే నాకు మొదటినుంచీ గౌరవం. ఆ ఉత్తరాన్ని ఫ్రిజ్ మీద పెట్టి నెల రోజులపాటు గౌరవించాను.

ఆలస్యానికి కారణం ఒక్క బద్ధకమే కాదు. నా కారు కంపెనీ తయారుచేసిన కారుగా మిగల్లేదు. కరీంనగర్ చుట్టుపక్కల బండి నడిపేవాళ్లకు గ్రానైటు లారీల సంగతి చెప్పనక్కర్లేదు. గదంత రాయిని ఒక్కదాన్నే వీపున కట్టుకుని, దానికి నొప్పి తగలకుండా అన్నట్టు పోతుంటాయి. దాటాలంటే ఎదుటి బండి దగ్గరికి వచ్చేలోపు మన బండి ఒక్క ఊపున దూకాలి. నాది దూకేది కాదు, ఆలోచించేది. అందుకని రెండేళ్ల కింద దానికి ట్యూనింగ్ చేయించాను. అంటే కొత్త సామానేదీ బిగించరు. స్టీరింగు కింద చిన్న సాకెట్‌లో వైరు పెట్టి, ల్యాప్‌టాప్‌తో ఇంజన్ కంప్యూటర్‌లోని లెక్కలు మార్చేస్తారు. కంపెనీవాళ్లు ఇంతే డీజిలు తాగమన్నచోట ఇంకాస్త తాగమంటారు. అంతే. మర్నాటినుంచి ఆ కారు పాదం ఆనిస్తే చాలు, వెనకనుంచి ఎవరో తోసినట్టు పోయేది. సిగరెట్టు లేదు, మందు లేదు, యాభైదాటాక నాకు అబ్బిన వ్యసనం ఇదొక్కటే.

ట్యూనింగ్ చేసినతను నా పాత విద్యార్థి. నేను పాలిటెక్నిక్‌లో కంప్యూటర్లు చెప్తాను. అతను నా పేపర్లోనే మూడుసార్లు తప్పి, చదువు మానేసి, బైపాసు పక్కన షెడ్డు పెట్టుకుని, నాకంటే బాగా బతుకుతున్నాడు. మూడోసారి తప్పిన పేపర్లో ఒక ప్రశ్న నాకింకా గుర్తుంది. సాఫ్ట్‌వేర్‌లో ఏ వెర్షన్ మీద ఏ మార్పు చేశామో ఎందుకు రాసి పెట్టుకోవాలి, వివరించుము. పది మార్కులు. అతను రెండు వాక్యాలు రాశాడు. నేను రెండు మార్కులు వేశాను.

ట్యూనింగ్ చేయించుకున్న మా ఊరివాళ్లందరికీ ఒక ఆచారం ఉంది. కనిపెడితే కంపెనీవాళ్లు వారంటీ ఇవ్వరు కనుక, షోరూంకు సర్వీసింగ్‌కు పోయే ముందు అతని దగ్గరికి పోయి కంపెనీ అసలు ఫైలు ఎక్కించుకుంటారు. షోరూంలో బుద్ధిమంతుల్లా కూర్చుని, చాయ్ తాగి, బండి తీసుకుని, తిరిగి నేరుగా అతని దగ్గరికి వచ్చి ట్యూనింగ్ ఫైలు ఎక్కించుకుంటారు. చర్చికి పోయేముందు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, వచ్చాక విప్పేసినట్టు. ప్రతి కారుకూ అతని ల్యాప్‌టాప్‌లో నంబరు ప్లేటు పేరుతో ఒక ఫోల్డర్ ఉంటుంది. అందులో రెండే ఫైళ్లు, చొక్కా ఒకటి, బనీను ఒకటి.

ఇలా అమ్మిన బండ్లను వెనక్కి పిలిచి లోపం సరిచేయడాన్ని రీకాల్ అంటారు, దానికీ అదే పద్ధతిలో పోయాను. పొద్దున్నే చొక్కా తొడిగించి షోరూంకు తీసుకుపోయాను. మెడకు టై కట్టుకున్న కుర్రాయన ఒకడు ఓపికగా చెప్పాడు. బండి వేగం మీదుండి, ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు, ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కితే పాత సాఫ్ట్‌వేర్ ఒక లెక్క తప్పు వేసుకుంటుందట. ఇంజన్‌కు ప్రమాదమనుకుని దాన్ని కాపాడడానికి ఆపేస్తుందట. లోపల కూర్చున్నవాళ్ల సంగతి దాని లెక్కలో లేదు. కొత్త దాంట్లో ఆ తప్పు సరిచేశారు. గంటలో పని అయింది. సాఫ్ట్‌వేర్ నంబరు చివర రెండంకెలు మారాయని తెర మీద చూపించి, రీకాల్ పూర్తి అని ముద్ర వేసిన కాగితం ఇచ్చాడు. నేనూ కంప్యూటర్ లెక్చరర్నేనని చెప్పి తలూపాను. అతను చెప్పిందంతా నాకు అర్థమైంది. అర్థం కాలేదని చెప్పుకునే అవకాశం నాకు లేకుండా పోయింది అక్కడే.

షోరూం నుంచి షెడ్డుకు నాలుగు కిలోమీటర్లు. ఆ నాలుగు కిలోమీటర్లూ కారు మళ్లీ ఆలోచిస్తూ నడిచింది. షెడ్డులో అతను వైరు పెట్టి, తెర చూసి, ఏమీ చేయకుండా నావైపు తిరిగాడు.

"సార్, గిప్పుడు కంపెనీ సాఫ్ట్‌వేర్ మారింది. మన ట్యూనింగ్ ఫైలేమో పాతదాని మీద చేసింది. ఈ కొత్తది చదివి పుణెకు పంపితే అక్కడాయన దీని మీద కొత్త ఫైల్ చేసిస్తడు. వారం పడ్తది. ఆగుతరా?"

"పాతది ఎక్కదా?" అన్నాను.

"ఎక్కుతది. ఉన్నదంత కొట్టేసి పాతదే రాస్తే ఎక్కుతది. కని షోరూమోళ్లు ఇయ్యాల ఏసింది పోతది."

"పాతదే ఎయ్యి. ఇన్ని దినాలు నడిచింది గదా."

అతను మీట మీద వేలు ఆపి నావైపు చూశాడు. ఇంకేమైనా అంటాడేమోనని నేనూ ఆగాను. కానీ నేను సారును, అతను మూడుసార్లు తప్పినవాడు. వెర్షన్ల సంగతి నాకు చెప్పేంత వాడా. మీట నొక్కాడు. పది నిమిషాల్లో ఆ చివరి రెండంకెలు మళ్లీ పాతవి అయ్యాయి. నా కళ్లముందే అయ్యాయి. రెండేళ్లలో నా కారు ఒక్కసారీ ఆగలేదు, అరుదైన పరిస్థితులు ఇంకెవరికో వస్తాయి అనుకున్నాను. ఇంటికి పోయేదారిలో రెండు గ్రానైటు లారీలను దాటాను. ముద్ర వేసిన కాగితం డ్యాష్‌బోర్డు అరలో ఉంది. కాగితం ప్రకారం నా కారులో ఏ లోపమూ లేదు.

మూడు వారాలకు చెన్నూరులో మా చిన్నాన్న మనవరాలి పెళ్లి వచ్చింది. నాకు సెమిస్టరు పరీక్షల డ్యూటీ పడింది. అక్క, బావ ఆదిలాబాద్ నుంచి బస్సులో ముందే వచ్చి మా ఇంట్లో దిగారు. అక్కకు కళ్లు చూపించడం, తర్వాత పెళ్లికి పోవడం వాళ్ల కార్యక్రమం. నా కారు తీసుకుపొమ్మన్నాను.

బావ గురించి చెప్పాలి. ముప్పై ఒక్క ఏళ్లు బస్సు నడిపి, ఒక్క మనిషికీ గీత పడనీయకుండా రిటైరైన మనిషి. ఆ తర్వాత ఆదిలాబాద్‌లో మా సంఘం వ్యాను ఆయన చేతికి వచ్చింది. మాది మిషను కాలం నుంచీ మెథడిస్టు కుటుంబం. ఆదివారం పొద్దున చుట్టుపక్కల ఊళ్లకు పోయి నడవలేని ముసలివాళ్లను గుడికి తేవడం, మళ్లీ ఎవరి గడపలో వాళ్లను దించడం ఆయన పని. జీతం లేదు. ఎవరికి ఏ మోకాలు నొప్పో, ఎవరిని ఏ వైపు తలుపునుంచి ఎక్కించాలో ఆయనకు తెలుసు. ఇంటి పెద్దగా ఆయన మాట అక్క దగ్గర పెద్దగా చెల్లేది కాదు. బయట ఆయనకున్న పరువంతా స్టీరింగు వెనకే ఉండేది.

తాళంచెవి ఇస్తూ, పికప్ జర ఎక్కువుంటది బావా, చూసి తొక్కు అన్నాను. ట్యూనింగ్ సంగతి చెప్పాను. రీకాల్ ఉత్తరం సంగతి, పాత ఫైలు సంగతి చెప్పలేదు. దాయాలని కాదు, గుర్తే రాలేదు.

"నాకు పికప్ ఏంటికిరా బామ్మర్దీ," అన్నాడు బావ. "నేను పెండ్లికి పోతున్న, పందేలకు కాదు."

మర్నాడు మధ్యాహ్నం మూడు దాటాక పరీక్ష హాల్లో ఉండగా ప్రమాదం జరిగిందని ఫోను వచ్చింది. పెళ్లి భోజనం చేసి చెన్నూరు నుంచి తిరిగి వస్తున్నారు. ముందు పత్తి లోడు ట్రాక్టరు. లోడు రోడ్డు నిండా ఉబ్బి ఉంది. బావ కిలోమీటరు దూరం దాని వెనకే ఓపికపట్టాడు. తర్వాత జరిగింది ఆయన ఆ సాయంత్రం కరీంనగర్ ఆసుపత్రి వరండాలో నాకు చెప్పాడు. అప్పటికి ఆయనకు ఏ అనుమానమూ లేదు.

"టాక్టర్‌ను మూడొంతులు దాటిన. ఎదురుంగ లారీ ఉన్నది, కని దూరమే. జర తొక్కిన. తొక్కంగనే బందైంది. దీపం ఆర్పినట్టు."

కారు ట్రాక్టరు పక్కనే తేలిపోయింది. స్టీరింగు బరువెక్కింది, బ్రేకు రెండు తొక్కులకు రాయి అయింది. ఎడమన ట్రాక్టరు, ముందు లారీ. మిగిలింది కుడివైపు పల్లం. బావ బండిని కుడివైపు దించేశాడు. ముప్పై ఒక్క ఏళ్ల అనుభవం లేనివాడైతే లారీ కిందికి పోయేవాడని ఆ లారీ డ్రైవరే అన్నాడట. కానీ పల్లంలోకి దిగేచోట ఒక కల్వర్టు గోడ ఉంది. అది కారు ఎడమ పక్కను, సరిగ్గా అక్క కూర్చున్న తలుపును ఒరుసుకుంటూ పోయింది. అక్క తుంటి ఎముక విరిగింది. బావకు నుదుటి మీద గోరంత గాటు. ఆ గాటు అంత చిన్నగా ఉండడాన్ని మా చుట్టాల్లో చాలామంది క్షమించలేకపోయారు.

వరండాలో చుట్టాలు చేరితే మన దగ్గర పోలీసుల అవసరం ఉండదు. విచారణ అరగంటలో ముగిసింది. అరవై రెండేళ్ల వయసు, పెళ్లి భోజనం, మటను, మధ్యాహ్నం మూడు గంటలు. బగారన్నం రెండుసార్లు పెట్టించుకున్నాడని మా బాబాయి ఒకాయన చూసిన సాక్షి. బాబాయి మూడుసార్లు పెట్టించుకున్నాడు, కానీ ఆయన బండి నడపలేదు. బావ ఇంజన్ బందైంది అన్న ప్రతిసారీ, అవునవును, విశ్రాంతి తీసుకో అనేవాళ్లు. అక్క ఆ సమయానికి నిజంగానే నిద్రలో ఉంది. ఆపరేషనయ్యాక మంచం మీదనుంచి తన తీర్పు తాను చెప్పింది.

"నాకే కండ్లు మూతలుపడ్డయ్. ఆయనకు పడవా."

బావ నా చెయ్యి పట్టుకుని ఒక్కటే అడిగాడు. కారు షోరూంవాళ్ల వర్కుషాపులో ఉంది కదా, ఇంజన్ ఎందుకు ఆగిందో కనుక్కుని రమ్మన్నాడు. బండి నాది కాబట్టి అడగవలసింది నేనే.

పోయాను. ఆ టై కట్టుకున్న కుర్రాయనే కంప్యూటర్‌లో చూశాడు. రీకాల్ పూర్తి అయిందని అందులో ఉంది. ఆ లోపం ఈ బండిలో ఉండే అవకాశమే లేదన్నాడు. ఇంజన్ కంప్యూటర్ విప్పి చదవాల్సిన అవసరం అతనికి కనిపించలేదు. చదవమని నేను అడగలేదు. అడిగితే చివరి రెండంకెలు బయటపడతాయి. బీమావాళ్లు చేతులు దులుపుకుంటారు, చుట్టాలందరికీ తెలుస్తుంది, అక్క మొహం చూడాల్సి వస్తుంది. ఇవన్నీ అప్పుడే వరసగా ఆలోచించానని చెప్తే అబద్ధం. భయమేసింది. అంతే. అతను ఒక కాగితం అచ్చుతీసి ఇచ్చాడు. ఈ వాహనంలో సదరు సాఫ్ట్‌వేర్ లోపం సరిచేయబడినది.

ఆ కాగితం తెచ్చి బావ చేతిలో పెట్టాను. నా తప్పుల్లో పెద్దది ఏదని ఎవరైనా అడిగితే పాత ఫైలు అనను. ఈ కాగితం అంటాను. బావ దాన్ని కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. ఇంగ్లీషు మెల్లగా చదువుతాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"అయితే ఇంజన్ మంచిగనే ఉన్నదన్నట్టు," అన్నాడు.

నేను అవును అనలేదు. కాదనీ అనలేదు. అలాంటి నిశ్శబ్దాన్ని మనుషులు ఎలా అర్థం చేసుకుంటారో నాకు తెలుసు.

వారం తర్వాత షెడ్డుకు పోయాను. అతను నాకోసమే ఎదురుచూస్తున్నట్టు లేచి స్టూలు వేశాడు. ప్రమాదం సంగతి అతనికి తెలిసింది. ఎలా ఆగిందో నేను చెప్తే, వేగం మీద, తొక్కగానే అన్నప్పుడు తల దించుకున్నాడు. గదే సార్, అన్నాడు. ట్యూనింగ్ ఉన్నప్పుడు ఆ తప్పు లెక్క ఇంకా తొందరగా వచ్చే వీలుందని కూడా చెప్పాడు. నేను అడగలేదు, తనే చెప్పాడు. తర్వాత అడిగాడు.

"నేనొచ్చి చెప్పాల్నా సార్? మీ బావకు?"

వద్దన్నాను. నా ఫోల్డరు తీసేశావా అని అడిగాను. తీసేసి ఉంటే బాగుండునని నా గొంతులో ఉండే ఉంటుంది. అతను నావైపు చూడకుండా, తీసెయ్యలే సార్, ఎట్ల తీసేస్త అన్నాడు. ఏ మార్పు ఎప్పుడు చేశాడో రాసిన నోటుబుక్కు కూడా ఉందట. ఆ రోజు పేజీలో తేదీ, నంబరు, పక్కన సార్ చెప్పిండ్రు అని రాసుకున్నాడు. పది మార్కుల ప్రశ్నకు అతను రాసిన పూర్తి సమాధానం అది.

అక్కను ఆదిలాబాద్ తీసుకుపోయారు. నేను ప్రతి రెండు వారాలకూ ఆదివారం బస్సెక్కి చూసి వచ్చేవాణ్ణి. మంచి తమ్ముడినని ఊళ్లో పేరు వచ్చింది. నేను పోయిన ప్రతిసారీ బావ కొంచెం కొంచెం తగ్గి కనిపించేవాడు. మొదట్లో బందైంది అన్నవాడు, బందైనట్టే అనిపించింది అనడం మొదలుపెట్టాడు. కొన్నాళ్లకు ఏమో అన్నాడు. ఒక ఆదివారం, అక్కకు మందులు ఇస్తూ, ఎవరూ అడక్కుండానే, నిద్రవట్టిందేమో అన్నాడు. అక్క, ఏమో ఏంది, పట్టింది అంది. ఆమె నొప్పితో ఉన్న మనిషి. తుంటి నొప్పి లేచినప్పుడల్లా ఆ నిద్ర సంగతి ఎత్తేది. ఆయన బయటికి పోయి గేటు దగ్గర నిలబడేవాడు.

వ్యాను తాళంచెవి ఎవరూ అడగకముందే తనే తీసుకుపోయి అయ్యగారి చేతిలో పెట్టాడు. మా పాస్టరును మేం అయ్యగారు అంటాం. కొన్నాళ్లు విశ్రాంతి తీసుకోండి అన్నారట ఆయన. వద్దు, ఉంచుకోండి అని మాత్రం అనలేదు. అందులో తప్పేం లేదు. నిద్రపోయే డ్రైవరు చేతిలో పది మంది ముసలివాళ్లను ఎవరు పెడతారు. బావ మధ్యాహ్నం అన్నం మానేశాడు. ఒక్క చాయ్ తాగి, ఎండలో వీధి చివరిదాకా నడిచి వచ్చేవాడు. నిద్రను ఓడించడానికట. అక్క ఆ సంగతి నాకు నవ్వుతూ చెప్పింది. నేనూ నవ్వాను. ఇరవై ఏళ్లుగా ఆ ఇంట్లో నవ్వించేది నేనే కాబట్టి, నవ్వడం అలవాటు.

నాలుగో నెలలో అక్క వాకర్ పట్టుకుని నడిచింది. ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టుకున్నారు. ఆపద తప్పితే మా సంఘంలో అది ఆనవాయితీ. నలుగురినీ పిలిచి, ప్రార్థన చేసి, బతికినవాళ్లు లేచి ఏం జరిగిందో, దేవుడు ఎలా కాపాడాడో అందరిముందు సాక్ష్యం చెప్తారు. తర్వాత భోజనం. పొద్దున పదింటికి ఇంటిముందు షామియానా కింద అరవై కుర్చీలు నిండాయి. వ్యానులో వచ్చే ముసలివాళ్లంతా వచ్చారు, కొత్త డ్రైవరు తెచ్చాడు. నేను రెండో వరసలో, బాబాయి పక్కన కూర్చున్నాను.

అక్క సాక్ష్యం చిన్నది. తర్వాత బావ లేచాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కుర్చీ వీపు పట్టుకున్నాడు.

"నేను ముప్పై ఒక్క ఏండ్లు బస్సు నడిపిన. గర్వముండె నాకు. ఆ దినం నేను నిద్రవోయిన. నిద్రవోయి, బండి బందైందని అబద్ధమాడిన. దేవుని ముంగట, మీ అందరి ముంగట ఒప్పుకుంటున్న. నా భార్య తుంటి ఇరిగింది నావల్లనే. నన్ను క్షమించుండ్రి."

స్తోత్రం అన్నారందరూ. ముందు వరసలో ఒక ముసలామె, ఆయన ప్రతి ఆదివారం ఎడమవైపు తలుపునుంచి ఎక్కించిన ఆమె, కొంగుతో కళ్లు ఒత్తుకుంది. అబద్ధమాడిన అన్న మాట నా చెవిలో ఆగిపోయింది. నిద్రపోయానని ఒప్పుకోవడం ఒకెత్తు. ఆ రోజు వరండాలో నాతో చెప్పిన నిజాన్ని ఆయన ఇప్పుడు పాపం కింద జమకట్టి క్షమాపణ అడుగుతున్నాడు.

నేను లేచాను. ధైర్యం వచ్చి కాదు, కూర్చోలేక. నేనూ సాక్ష్యం చెప్తానన్నాను. మొదటినుంచీ చెప్పాను. ఉత్తరం, ట్యూనింగ్, షోరూం, పాత ఫైలు, పుణె, వారం రోజులు. బావ నిద్రపోలేదని, ఇంజన్ ఆగిందని, ఆగేలా చేసింది నేనని, తెలిసి కూడా ఆ కాగితం తెచ్చి ఇచ్చానని చెప్పాను. తరగతిలో చెప్పినట్టు సాఫ్ట్‌వేర్ గురించి కొంచెం ఎక్కువే చెప్పానేమో. ట్యూనింగ్ అన్నప్పుడు వెనక ఎవరో నవ్వారు. వాళ్ల తప్పు కాదు. ఆ ఇంట్లో నేను లేచి నిలబడినప్పుడల్లా నవ్వడానికే వాళ్లు సిద్ధమవుతారు. వెర్షన్ అన్నప్పుడు ఒకరిద్దరు స్తోత్రం అన్నారు. ముగించేసరికి అయ్యగారు లేచివచ్చి నా భుజం మీద చెయ్యి వేశారు. బావ భారాన్ని తన మీద వేసుకోవాలనుకోవడం ఎంత గొప్ప ప్రేమ అన్నారు. ఒకరి భారములనొకరు మోయడం గురించి రెండు మాటలు చెప్పి ప్రార్థన చేశారు. బాబాయి నా వీపు తట్టి, మంచి మాట చెప్పినవ్ రా, ఆయన మనసు తేలికైతది అన్నాడు. ఒక్కరూ నమ్మలేదు. నిజం చెప్పి ఇంత మెప్పు పొందడం నా అనుభవంలో అదే మొదటిసారి.

వడ్డన మొదలయ్యాక బావ నన్ను ఇంటి వెనక్కి పిలిచాడు. గిన్నెలు కడిగేచోట ఎవరూ లేరు. ఆయన మొహంలో కోపం లేదు. లెక్క చూసుకునేవాడి మొహంలా ఉంది.

"బందైనప్పుడు మీటర్ల బల్బులన్ని ఒక్కసారే ఎలుగుతయా?"

"ఎలుగుతయి బావా. ఎర్రయి, పచ్చయి అన్నీ."

"నేను జూసిన. అన్నీ ఎలిగినయి. కలల జూసిన్నేమో అనుకున్న."

నేను ఏదో అనబోయాను. చెయ్యి అడ్డం పెట్టాడు.

"గా కాగితం తెచ్చిచ్చిన దినం నీకు ఎరుకేనా?"

"ఎరుకే."

తలూపాడు. పోయి అందరితోపాటు కూర్చున్నాడు. మధ్యాహ్నం అన్నం మానేసినవాడు ఆ రోజు విస్తరి ముందు చాలాసేపు కూర్చున్నాడు, తినలేదు. అక్కకు ఆయనే చెప్పాడు, అందరూ పోయాక. ఆమె నన్ను పిలిచి ఎదురుగా కూర్చోమంది. చిన్నప్పుడు నన్ను కొట్టే ముందు కూడా అలాగే కూర్చోమనేది.

"తుంటిరిగింది, అతుక్కుంటది. దానికి నేనేం అనను," అంది. "నాలుగు నెలలు నేను ఈ మనిషిని కూసుంటె తిట్టిన, లేస్తె తిట్టిన. నువ్వు ఆదివారమాదివారం ఒచ్చి, పక్కన కూసొని, కూర బాగున్నదని తిన్నవ్."

మర్నాడు పొద్దున మొదటి బస్సుకు కరీంనగర్ వచ్చేశాను.

తర్వాత చేయవలసినవన్నీ చేశాను. షెడ్డతని నోటుబుక్కు పేజీ జతపెట్టి కంపెనీకి, బీమావాళ్లకు, మా సంఘం కమిటీకి సంతకం చేసి రాసిచ్చాను. అతను కూడా సంతకం పెట్టాడు, తన షెడ్డుకు నష్టమని తెలిసీ. కంపెనీవాళ్లు రీకాల్ పూర్తి చేశామని, వాహనాన్ని తర్వాత మార్చినందున తమకు సంబంధం లేదని జవాబిచ్చారు. అది నిజమే. బీమావాళ్లు ఫైలు మూసేశారు. అదీ న్యాయమే. బావ మాత్రం ఒక వింత కోరిక కోరాడు. తను చెప్పిన సాక్ష్యం వెనక్కి తీసుకుంటానని అయ్యగారి దగ్గరికి పోయాడు. సాక్ష్యాన్ని వెనక్కి తీసుకునే పద్ధతి మా సంఘంలో లేదు. ఎలా జరిగినా కాపాడింది దేవుడే కదా అన్నారట అయ్యగారు. కానీ కాగితాలు చదివినమీదట ఆయన నమ్మారు. కమిటీ కూడా నమ్మింది. వాళ్లు మంచివాళ్లు. కొత్త డ్రైవరుకు వేరే పని చూపించి, వ్యాను తాళంచెవి బావకు తిరిగి పంపించారు.

ఆ శనివారం నేను అక్కడే ఉన్నాను. పొద్దున బావ తెల్లచొక్కా వేసుకుని, మర్నాటి ఆదివారం కోసం వ్యాను చూసుకోవడానికి గుడి ఆవరణకు పోతుంటే వెంట పోయాను. రమ్మనలేదు, వద్దనలేదు. వ్యాను చుట్టూ ఒకసారి తిరిగి, టైర్లు తన్ని చూసి, ఎక్కి కూర్చున్నాడు. నేను పక్క సీట్లో కూర్చున్నాను. స్టార్టు చేశాడు. బాగానే పలికింది. బ్రేకు తీయలేదు, గేరు వేయలేదు. రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి, రోడ్డువైపు కాకుండా మీటర్ల వైపు చూస్తూ ఉండిపోయాడు. ఇంజన్ చప్పుడు కొంచెం మారినప్పుడల్లా ఆయన కుడికాలు బ్రేకు మీదికి పోయేది.

"నిద్ర అనుకున్నప్పుడే నయముండె బామ్మర్దీ," అన్నాడు చివరికి. "పగటిపూట బువ్వ మానేస్తె అయిపాయె అనుకున్న. మానేసిన గూడ. గిప్పుడేం మానెయ్యాలె?"

ఇంజన్ ఆపేశాడు. తాళంచెవి తీసి నా ఒళ్లో పెట్టి, అయ్యగారికి ఇచ్చి రమ్మన్నాడు. దిగి, నాకోసం ఆగకుండా, ఇంటివైపు నడిచాడు. నేను పోయి ఇచ్చి వచ్చాను.